దారి ముందున్న గీత

మొన్న ఒక మధ్యాహ్నం మా పక్కింటి అమ్మాయి ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మా వరండాలోకి వచ్చింది. బెంగుళూరు కంపెనీకి బందరులో కూర్చుని పనిచేసే పిల్ల. "ఆంటీ, మీరు కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవారంట కదా, ఒక్కసారి ఇది చూడరూ! నా దాంట్లో శుభ్రంగా పనిచేసింది. అదే ముక్క సర్వర్ మీద నడిపితే ఏదో తిడుతోంది" అంది. చూశాను. ఫైల్లో ఒక మాట తీసి ఇంకో మాట పెట్టమని చెప్పే చిన్న కమాండు. ఆమె ల్యాప్‌టాప్ చేసినవాళ్ళు దాని పక్కన ఖాళీ కొటేషన్ గుర్తులు ఉండాల్సిందే అంటారు. సర్వర్ మీదున్న లైనక్స్‌కి అవి ఉంటే గిట్టదు. అదే చెప్పాను. ఆ పిల్ల పకపకా నవ్వి, "ఇంతేనా! పొద్దుటినుంచీ దీనికోసమా నేను కొట్టుకుంటోంది!" అని, కాఫీ తాగి వెళ్ళిపోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముక్కు పుటాల్లోకి చచ్చిన రొయ్యల వాసన వచ్చింది. మా ఇంటికి దగ్గర్లో ఏ చెరువూ లేదు. కాఫీ గ్లాసులు కడుగుతుంటే కూడా అదే వాసన.

తెలియనివాళ్ళకోసం ఒక ముక్క చెప్పాలి. బొమ్మల మీద వేలు పెట్టి పని చేయించుకునే కంప్యూటర్లు రాకముందు, నల్లటి తెర మీద మాటలు టైపు చేసి పని చేయించేవాళ్ళం. అలా మాటలతో నడిచే పద్ధతుల్లో పెద్దింటిది యూనిక్స్. అన్నదమ్ములు వేరుపడ్డట్టు తరవాత దాని చుట్టాలూ పక్కాలూ బోలెడుమంది బయల్దేరారు. వేరుపడితే పడ్డారు, పెద్దవాళ్ళిచ్చిన గిన్నెలు అలాగే వాడుకోవచ్చు కదా? వాడుకోరు. గిన్నె పేరు మాత్రం మార్చరు, లోపల గుణం మార్చేస్తారు. ఒకచోట 'కిల్లాల్' అని టైపు చేస్తే ఫలానా పేరున్న పనిని ఆపుతుంది. ఇంకోచోట అదే మాట నడుస్తున్న పనులన్నిటినీ ఒక్క దెబ్బతో చంపి కూర్చుంటుంది. అవసరం కోసం వచ్చిన తేడా అయితే నేనూ గౌరవిస్తాను. గుడివాడవాళ్ళ పులుసు వేరు, దివిసీమవాళ్ళ పులుసు వేరు, ఏ నీళ్ళలో దొరికే చేపకి ఆ పులుసు. ఇది అలాంటిది కాదు. మాకు మేమే గొప్ప అనే గీర తప్ప వీటిలో చాలావాటికి కారణం లేదు. క్లాసులో పిల్లలకి ఈ తేడాలు వల్లె వేయిస్తుంటే, ఎవరో ఉమ్మేసిన కిళ్ళీ మరకలు లెక్కపెట్టి చూపిస్తున్నట్టు ఉండేది నాకు. అయినా అది ఒట్టి చిరాకే. అసలు రోత పుట్టింది కోడూరు అవతల, మా చిన్నమావయ్య రొయ్యల షెడ్డులో.

తొంభైల చివరికి దివిసీమలో సముద్రం వైపు వరిచేలు చాలామటుకు రొయ్యల చెరువులైపోయాయి. కోడూరు దాటి ఉప్పునీటి పాయ ఒకటి ఉంది. ఆ పాయ మీద ఆధారపడ్డ రైతులంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అందరూ నీళ్ళు తోడుకునేది ఆ పాయలోంచే, చెరువులో వాడిన నీళ్ళు వదిలేదీ ఆ పాయలోకే. అంటే పైవాడు కడిగి వదిలిన నీళ్ళే కిందివాడి చెరువుకి తాగే నీళ్ళు. తెల్లమచ్చ రోగం తగిలిన రొయ్య చచ్చేలోగా నీళ్ళనిండా రోగం నింపుతుంది. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఎవరైనా తూము ఎత్తాలంటే ముందు సంఘం షెడ్డుకి వచ్చి అడగాలి. ఆ చెరువు రొయ్యని బందరులో లేబరేటరీకి పంపి ఉంటారు కాబట్టి, పరీక్షలో రోగం లేదని తేలితేనే తూము ఎత్తాలి. ఉందని తేలితే నీళ్ళు ఎక్కడివక్కడే కట్టేసి బ్లీచింగు కలిపి చంపాలి. మంచి కట్టుబాటు. మా ప్రాంతంలో నలుగురు రైతులు ఒక మాట మీద నిలబడ్డారంటేనే గొప్ప.

సంఘానికి పెద్ద మా చిన్నమావయ్య. మనిషి మంచివాడే, కానీ ఏ వస్తువైనా ఒకసారి ఎవరో వాడి వదిలేస్తేనే అది గట్టిదని ఆయన నమ్మకం. ఆయన స్కూటరు, ఫ్రిజ్జు, ఆఖరికి పడక్కుర్చీ కూడా అలా వచ్చినవే. విజయవాడలో ఏదో ఆఫీసువాళ్ళు తీసిపారేసిన యూనిక్స్ మిషన్ని, దానితోపాటు పచ్చటి అక్షరాలు కనిపించే తెర, కీబోర్డు ఉన్న టెర్మినల్ని ట్రాక్టరు మీద గడ్డి పరిచి తెచ్చాడు. అమ్మినవాడు ఒక మనిషిని పంపి చెరువుల వివరాలు ఎక్కించే ప్రోగ్రాం పెట్టించాడు. మిషను పాడైనా పోకుండా ప్రతి శనివారం వివరాలన్నిటి నకలూ టేపు మీదకి ఎక్కేలా ఏర్పాటు కూడా ఆ మనిషే చేసి వెళ్ళాడు. మళ్ళీ కనిపించలేదు. ఆ మిషను నడుస్తుంటే రైసుమిల్లు పక్కింట్లో ఉన్నట్టుండేది. షెడ్డులో సగం బ్లీచింగు బస్తాలు, సగం మేత బస్తాలు, మధ్యలో ఈ మిషను. నేను బందరు కాలేజీలో కంప్యూటర్లు చెప్పేదాన్ని కనక, వీలైన ఆదివారాలు చల్లపల్లి మీదుగా బస్సెక్కి వెళ్ళి దాని మంచిచెడ్డలు చూసి వచ్చేదాన్ని.

టెర్మినల్ ముందు కూర్చునేది మా వదిన. మా పెద్దనాన్నగారి అబ్బాయి భార్య. వాళ్ళకీ కింది వరసలో కౌలు చెరువు ఉంది. లేబరేటరీవాళ్ళు ఫలితాలు ఫోన్లో చెప్పేవారు, ఆవిడ రిసీవరు భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి అక్కడికక్కడే ఎక్కించేది. ఊరికే ఎక్కించేది కాదు, రెండేసిసార్లు అడిగేది. "లేదన్నారా, ఉందన్నారా? ఉంది. ఉందే కదండీ? సరిగ్గా చెప్పండి, ఇక్కడ పంపులు చప్పుడు" అని ఆవిడ అరుస్తుంటే గట్టు మీద వాళ్ళకి కూడా వినపడేది. లేబరేటరీ కుర్రాళ్ళు ఈవిడ ఫోనంటే విసుక్కునేవారట. రైతులకి మాత్రం ఆ రెండుసార్లు అడగడం వల్లే ఈవిడంటే గురి.

ఇక బావ. మా వైపు బావ అనే మాటకి అంతూపొంతూ లేదు. మేనత్త కొడుకూ బావే, అక్క మొగుడూ బావే, బస్సులో పక్కన కూర్చున్నవాడు జరగకపోతే వాడూ బావే. ఈయన మాత్రం నికార్సైన బావ, మా చిన్నమావయ్య కొడుకు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అప్పుడప్పుడే యూనిక్స్ చుట్టాల్లో కొత్తదైన లైనక్స్ వచ్చి కుర్రకారుని పట్టుకున్న రోజులు. కొత్తగా దీక్ష తీసుకున్నవాడు ఇంట్లోవాళ్ళ భోజనాన్ని చూసినట్టు, ఈయన మా మిషన్ని చూసేవాడు. ఆ ఏడు సెలవు పెట్టి వస్తూ తన కంప్యూటర్ని కూడా కారులో వేసుకొచ్చాడు, వాళ్ళ నాన్న చేత పాతదాన్ని పారేయించి దీన్ని పెట్టించాలని. మానిటర్ని దుప్పట్లో చుట్టి పసిబిడ్డని దింపినట్టు దింపాడట.

ఆయన వచ్చిన శుక్రవారం వదిన ఊళ్ళో లేదు. గుడివాడలో వాళ్ళక్క కూతురికి ఓణీలిస్తుంటే గురువారం సాయంత్రం వెళ్ళింది. వెళ్ళేముందు బందరు నుంచి ఫోనొచ్చింది. ఎగువన ఒక చెరువులో రొయ్య మేత సరిగా తినడం లేదని పంపితే, తెల్లమచ్చ ఉందని తేలింది. వదిన తన అలవాటు ప్రకారం రెండుసార్లు అడిగి, ఎక్కించి, చీర మార్చుకుని బస్సెక్కింది. ఆ చెరువు కామందుకి కబురు పంపలేదా అంటే, ఆయన ఉండేది అవనిగడ్డలో, తూము ఎత్తే ముందు ఎలాగూ షెడ్డుకి వచ్చి అడగాల్సిందే కదా, అదే కదా కట్టుబాటు.

శుక్రవారం మధ్యాహ్నం బావ షెడ్డుకొచ్చి కూర్చున్నాడు. "టేపు మీదకి ఎక్కిస్తున్నారు సరే. అది తిరిగొస్తుందో లేదో ఎప్పుడైనా చూశారా నాన్నా?" అని అడిగాడు. ప్రశ్న మంచిదే, అది ఒప్పుకుంటాను. పోయిన శనివారపు టేపు మిషన్‌లోనే ఉంది. చిత్తు పనులకి వాడే ఖాళీ చోటులోకి వెళ్ళి, టేపు మీద ఉన్నవి అక్కడ విప్పమని కమాండు కొట్టాడు. దాని పేరు 'టార్'. లైనక్స్‌లో రోజూ వాడే మాటే. తెర మీద పేర్లు బారులుగా పరిగెత్తాయి. ఆగాక చూస్తే ఆ ఖాళీ చోటు ఖాళీగానే ఉంది. "చూశావా, టేపులో ఏమీ లేదు. ఇన్నాళ్ళూ గాలిని దాచుకుంటున్నారు మీరు" అని నవ్వాడు. మావయ్య కూడా నవ్వాడు, కొడుకు అంత దూరం చదివినందుకు.

శనివారం ఎగువ చెరువాయన మోటారు సైకిలు మీద వచ్చి, "నీళ్ళు మార్చాలండీ, తూము ఎత్తమంటారా?" అని అడిగాడు. మావయ్యే స్వయంగా చెరువు నంబరు కొట్టి చూశాడు. రోగం లేదు అని ఉంది. పక్కనే ఏ పరీక్ష ఎప్పటిదో తేదీ కూడా ఉంది. తేదీలు చూసే అలవాటు మావయ్యకి శుభలేఖల మీద తప్ప లేదు. "ఎత్తుకోండి" అన్నాడు.

వారం గడిచాక ఆదివారం నేను బస్సు దిగేసరికి కోడూరు దగ్గరే వాసన మొదలైంది. షెడ్డు చేరేలోపు పైటకొంగు ముక్కు మీదనుంచి తీయలేకపోయాను. కింది వరసలో చెరువులన్నీ పోయాయి. రొయ్యలు ముందు గట్టు వార నీళ్ళలోకి వచ్చి, మత్తుగా ఒక పక్కకి వాలిపోయి, తలపెంకు మీద సున్నపు చుక్కలతో తేలాయట. నేను చూసేసరికి అవి తేలే దశ కూడా దాటిపోయింది. గట్ల పొడుగునా కుప్పలు, వాటి మీద ఈగల ముసురు. కాకులు కూడా తిని తిని విసుగెత్తి ఊరికే కూర్చున్నాయి. ఒకావిడ గంపతో రొయ్యల్ని గుంటలోకి పోస్తుంటే, గంపలోంచి కారిన రసం ఆవిడ మోచేతి వెంట గాజుల మీద నుంచి జారుతోంది. ఆవిడ తుడుచుకోవడం కూడా లేదు. ఆ చేతిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

అయినా ఆ వారం షెడ్డులో జరిగిన పంచాయితీ ముందు ఈ కుళ్ళు ఏపాటిది! లేబరేటరీకి ఫోన్ చేస్తే, "గురువారమే రోగం ఉందని చెప్పామండీ, ఆవిడే ఎత్తింది ఫోను" అన్నారు. మిషన్‌లో చూస్తే ఆ ఫలితం లేదు. అదొక్కటే కాదు, ఆ వారంలో వచ్చిన ఏ ఫలితమూ లేదు. ఇంకేం కావాలి? వారమంతా ఏమీ ఎక్కించకుండా ఫోన్లో కబుర్లు చెప్పుకుని, ఓణీల ఫంక్షనుకి చెక్కేసిందన్నారు. గుడివాడ నుంచి వచ్చిన మనిషిని వచ్చినట్టే నలుగురిలో నిలబెట్టి అడిగారు. "ఎక్కించాను మావయ్యా" అందట వదిన. "ఎక్కిస్తే ఏదమ్మా?" అన్నాడట మావయ్య. బావ అక్కడే కుర్చీలో ఉండి, "కంప్యూటరు తనంతట తాను చెరపదు చెల్లెమ్మా. మనం కొట్టిందే ఉంటుంది, కొట్టంది ఉండదు" అని నెమ్మదిగా, అర్థమయ్యేట్టు, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పాడట. రేపట్నుంచి షెడ్డుకి రావద్దన్నారు. వదిన మొగుడు, మా అన్నయ్య కూడా ఆ నలుగురిలోనే ఉన్నాడు. పోయిన చెరువుల్లో వాళ్ళదీ ఒకటి.

నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి అన్నయ్య అరుగు మీద అటు తిరిగి భోజనం చేస్తున్నాడు. కంచం వదినే తెచ్చి పెట్టింది, ఆవిడ వంక చూడలేదు. చెరువు పోయిన నాటినుంచీ మాటల్లేవట. వంటింట్లో వదిన నాకు మంచినీళ్ళిచ్చి, కత్తిపీట ముందు కూర్చుని అంది: "నాకే అనుమానం వస్తోంది అమ్మాయ్. నిజంగా ఎక్కించానా, ఎక్కించాననుకున్నానా? ఎక్కించినట్టే ఉంది. ఆ పచ్చ అక్షరాలు కూడా కళ్ళ ముందున్నాయి. కానీ అందరూ లేదంటుంటే ఏమో మరి." ఏ పనైనా రెండుసార్లు అడిగి చేసే మనిషి. ఆవిడ తన కళ్ళనే నమ్మకుండా కూర్చుని ఉంటే, బయట గుట్టలు పడ్డ రొయ్యలకన్నా అది ఎక్కువ కంపు కొట్టింది నాకు.

షెడ్డుకెళ్ళి మావయ్యని అడిగాను, నేను లేనప్పుడు మిషన్‌ని ఎవరైనా ముట్టుకున్నారా అని. "ఎవరూ ముట్టలేదే. మావాడు టేపు చూశాడంతే. అందులో ఏం లేదు" అన్నాడు. "ఏం లేదని ఎలా తెలిసింది?" అన్నాను. "తెర మీద పేర్లు మాత్రం బోలెడు పరిగెత్తాయి. ఆఖర్న చూస్తే ఏమీ రాలా" అన్నాడు. అన్ని పేర్లు పరిగెత్తాయంటే టేపులో అన్నీ ఉన్నాయనే అర్థం. ఇక్కడికి రాలేదంటే ఇంకెక్కడికో వెళ్ళాయి.

సంగతి ఇదీ. టేపు మీదకి ఎక్కించేటప్పుడు ప్రతి ఫైలుకీ దాని చిరునామా కూడా ఎక్కుతుంది. పూర్తి చిరునామా అయితే ముందొక ఏటవాలు గీత ఉంటుంది. ఊరు, వీధి, ఇంటి నంబరుతో సహా రాసిన చిరునామా లాంటిదన్నమాట. అమ్మినవాడి మనిషి అన్నిటికీ పూర్తి చిరునామాలే పెట్టి వెళ్ళాడు. లైనక్స్‌లో టార్ ఆ ముందు గీతను తీసేస్తుంది, తీసేస్తున్నానని చెప్పి మరీ తీసేస్తుంది. తీసి, మనం ఎక్కడ నిలబడి విప్పమంటే అక్కడే సామాను దింపుతుంది. మా పాత యూనిక్స్‌లో టార్‌కి ఆ మర్యాద లేదు. గీత ఉంటే నేరుగా ఆ ఇంటికే వెళ్ళి, అక్కడ ఉన్న సామానుని తోసేసి, పాత సామాను సర్ది వస్తుంది. నువ్వెక్కడ నిలబడ్డావో దానికి అనవసరం. బావ ఖాళీ చోట నిలబడి విప్పాడు. పోయిన శనివారపు పాత వివరాలు నేరుగా వెళ్ళి, వదిన వారమంతా ఎక్కించిన కొత్త వివరాల మీద కూర్చున్నాయి. అందులో ఆ తెల్లమచ్చ కూడా పోయింది. రెండు మిషన్లలోనూ మాట ఒకటే, స్పెల్లింగు ఒకటే.

చెరువులు పోయినవాళ్ళంతా ఆ మధ్యాహ్నం షెడ్డు దగ్గరే ఉన్నారు. నేను సంగతి చెప్పగానే బావ ఫక్కున నవ్వాడు. "నీకేమైనా పిచ్చా మరదలా? టార్ అలా చేయదు. రోజూ వాడుతున్నాను నేను. కావాలంటే అందరూ చూడండి" అని తన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఒక ఫైల్లో 'పాత' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. పూర్తి చిరునామాతో ఫ్లాపీ మీదకి ఎక్కించాడు. ఫైల్లో మాటని 'కొత్త' అని మార్చాడు. ఖాళీ చోటుకి వెళ్ళి ఫ్లాపీని విప్పాడు. అసలు ఫైలు తెరిచి చూపిస్తే 'కొత్త' అనే ఉంది. "చెప్పానా!" అన్నాడు. అందరూ తలలూపారు. గుమ్మం బయట కొంగు కప్పుకుని నిలబడ్డ వదిన వైపు కొందరు తిరిగి చూశారు కూడా. ఆయన అబద్ధం చెప్పలేదు, కళ్ళెదుటే చేసి చూపించాడు. ఆయన చూపించింది నిజం కావడమే నాకు ఒళ్ళు మండించింది. అబద్ధమైతే తుడిచేయొచ్చు.

"ఇప్పుడు అదే పని దీని మీద చేస్తాను" అని నేను పాత మిషన్ ముందు కూర్చున్నాను. మావయ్య, "మళ్ళీ ఏమన్నా అవుద్దేమో అమ్మడూ" అన్నాడు. "ఇంకేం అవ్వాలి మావయ్యా?" అన్నాను. ఫైల్లో 'పాత' అని రాసి, ఫ్లాపీ మీదకి ఎక్కించి, 'కొత్త' అని మార్చి, అందరి చేతా చదివించాను. ఖాళీ చోటుకి వెళ్ళి బావ కొట్టిన మాటే, అక్షరం పొల్లుపోకుండా కొట్టాను. తెర మీద పేరు పరిగెత్తింది. ఖాళీ చోటు ఖాళీగానే ఉంది. అసలు ఫైలు తెరిచాను.

ముందు వరసలో కూర్చున్న ఎగువ చెరువాయనే పైకి చదివాడు, "పాత."

ఆయన పక్కన ఒక పెద్దాయన ఉన్నాడు, డెబ్బై ఏడు ఉప్పెన చూసిన మనిషి. ఈ రోగంలో ఆయనవి రెండు చెరువులూ పోయాయి. "అయితే ఒకే మాటమ్మా, ఈడ ఒక రకంగా ఆడ ఒక రకంగా చేసుద్దా? ఎవడు పెట్టాడమ్మా ఇట్టా? వాళ్ళలో వాళ్ళు అనుకోరా ఒక మాట?" అన్నాడు. బావ తేరుకుని, "ఇది పాత వెర్షన్ లోపం. అందుకే దీన్ని తీసేయమని నేను మొదట్నించీ మొత్తుకుంటున్నా" అన్నాడు. ఆ మాటతో అందరికీ ఊపిరొచ్చింది. "అట్టా చెప్పు! మిషన్ తప్పన్నమాట" అన్నాడు మావయ్య. మిషన్ తప్పు, మిషన్ తప్పు అనుకుంటూ ఒక్కొక్కళ్ళే లేచి చెప్పులేసుకున్నారు. వదినని తిట్టడానికి అందరికీ నోళ్ళున్నాయి. ఇప్పుడు ఆవిడ పక్కనుంచి వెళ్తూ ఒక్కరూ ఆవిడ ముఖం చూడలేదు. బావ అసలు తలెత్తలేదు, ఫ్లాపీని కవర్లో పెట్టుకుంటున్నాడు.

ఆ సాయంత్రం అన్నయ్య భోజనానికి కూర్చుని, అన్నాళ్ళ తరవాత భార్యతో మొదటి మాట మాట్లాడాడు. "చారులో ఉప్పెక్కువైంది" అన్నాడు. అదే ఆయన రాజీ. వదిన చారు గిన్నె తీసుకెళ్ళి పెరట్లో పారబోసి, ఖాళీ గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. నేను అక్కడే ఉన్నాను. పెళ్ళాం మాట నమ్మని మొగుణ్ణి చాలామందిని చూశాను కానీ, ఉప్పు కబుర్లతో దాన్ని దాటేద్దామనుకున్నవాణ్ణి, అందులోనూ మా అన్నయ్యని, చూడటం అదే మొదలు.

కొన్నాళ్ళకి మావయ్య వాళ్ళింటికొచ్చాడు. చేతిలో అరటిపళ్ళు. గొంతు బాగా తగ్గించి, "అయిందేదో అయింది అమ్మాయ్, సోమవారం నుంచి వచ్చేయ్. నువ్వు లేకపోతే షెడ్డు షెడ్డులా లేదు" అన్నాడు. వదిన పళ్ళు తీసుకుంది, కుర్చీ వేసింది, మజ్జిగ ఇచ్చింది. ఇచ్చి అంది: "వద్దనేటప్పుడు పదిమందిలో వద్దన్నారు మావయ్యా. రమ్మనడానికి ఇంటికొచ్చి చెవిలో చెబుతారేంటి?" మావయ్య మజ్జిగ తాగాడు. పదిమందినీ పిలిచి ఆ మాట చెప్పడం ఆయనకి పెద్ద పని కాదు, ఒక్క కేకేస్తే వచ్చేవారు. కానీ పిలిస్తే కొడుకు పేరు ఎత్తాలి. గ్లాసు కింద పెట్టి, ఎండ ఎక్కువగా ఉందని ఏదో అని వెళ్ళిపోయాడు. మళ్ళీ అడగలేదు. వదిన మళ్ళీ ఆ షెడ్డు గుమ్మం తొక్కలేదు.

ఆ తరవాతి సంగతులు పెద్దగా లేవు. కొత్త లైనక్స్ కంప్యూటరు వచ్చింది కానీ, దాని ముందు కూర్చుని రెండుసార్లు అడిగే మనిషి లేక ఫలితాలు సగం ఎక్కేవి, సగం ఎక్కేవి కావు. కట్టుబాటు సడలింది, సంఘం చెదిరింది. వదిన గుడివాడలో వాళ్ళక్క దగ్గరికి వెళ్ళి ఒక నర్సింగ్ హోంలో రిసెప్షన్‌లో చేరింది. అక్కడి కంప్యూటరు ఏ రకందో నన్ను అడిగి మరీ తెలుసుకుంది. అన్నయ్య కొన్ని నెలలు కోడూరులో ఒంటరిగా వండుకుని తిని, ఆఖరికి కౌలు వదులుకుని గుడివాడ వెళ్ళాడు. వెళ్ళిన రోజు గుమ్మంలో నిలబడి, "నిన్ను నమ్మాల్సింది" అన్నాడట. వదినే నాతో చెప్పింది. "అప్పుడేమన్నావు?" అంటే, "లోపలికి రమ్మన్నాను. ఇంకేమంటాను, చేతిలో బ్యాగుతో వస్తే!" అంది. బానే ఉన్నారు, ఇప్పటికీ గుడివాడలోనే. ఆయన వండిన చారు బాగుంటుంది, అదొక్కటి మాత్రం మేలు జరిగింది.

ఇక నేను మరిచిపోలేనిది ఒకటుంది. చాలా ఏళ్ళకి, మావయ్య పోయిన తరవాత, గుడివాడలోనే మా బంధువుల గృహప్రవేశం. బావ వచ్చాడు, కాస్త ఒళ్ళు చేశాడు, జుట్టుకి రంగేశాడు. భోజనాల బంతిలో చుట్టూ కుర్రాళ్ళు, అందరూ కంప్యూటర్ల ఉద్యోగాలవాళ్ళే. వాళ్ళకి ఈయన కథ మొదలుపెట్టాడు. "మా నాన్న దగ్గర ఒక పాత యూనిక్స్ ఉండేదిరా..." అని. టార్ సంగతి, గీత సంగతి, చెరువులు పోయిన సంగతి అంతా చెప్పాడు. పాత మిషన్ ముందు కూర్చుని అందరి ఎదుటా పరీక్ష చేసి గుట్టు బయటపెట్టింది మాత్రం ఈ కథలో ఆయనే. "ఒక అమాయకురాల్ని అనవసరంగా తిడుతున్నార్రా పాపం, నేను చూడలేకపోయా" అని కూడా అన్నాడు. కుర్రాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఒకడు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆ అమాయకురాలు నా పక్కన విస్తరి ముందు కూర్చుని గారె తుంచుకుంటోంది.

నేను లేవబోతుంటే వదిన నా మోకాలి మీద చెయ్యి వేసింది. "కూర్చో. లేచి ఏం చెబుతావు? ఆ రోజు అక్కడున్నవాళ్ళు ఇక్కడెవరున్నారు?" అంది. బంతిని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాను. మావయ్య లేడు. ఉప్పెన చూసిన ఆ పెద్దాయన ఏనాడో పోయాడు. ఎగువ చెరువాయన ఎక్కడున్నాడో తెలియదు. అన్నయ్య ఊళ్ళో లేడు. మిగిలింది వదిన, నేను, బావ. ఆయన మమ్మల్ని చూశాడు కూడా, చూసి చిరునవ్వు నవ్వి, ఆపకుండా చెప్పుకుపోయాడు. బహుశా అప్పటికి ఆయన కూడా దాన్ని నమ్మేశాడు. నేను ముద్ద పక్కన పెట్టి నీళ్ళు తాగాను. వదిన మాత్రం గారె పూర్తిగా తిని, పెరుగు వేయించుకుని, తీరిగ్గా లేచింది.

కాలం అన్నిటినీ మాన్పుతుందని పెద్దవాళ్ళు చెబితే చాలా ఏళ్ళు నమ్మాను. నేను చూసినంతలో అది ఏ గాయాన్నీ మాన్పలేదు. ఒక్కొక్కరిగా సాక్షుల్ని మాత్రం ఇంటికి పంపించేసింది.